పాత 800కి ఫుల్ పెయింట్: రేకు దాకా గీకించాలా, ఉన్నదాని మీదే కొట్టించాలా?

వాల్తేరు_800

అందరికీ నమస్కారం. నాది 2003 మోడల్ మారుతి 800, తెల్లది. ఇంజను, గేర్‌బాక్స్ బాగున్నాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ రెండోసారి కూడా అయిపోయింది కాబట్టి 2028 దాకా ఆ టెన్షన్ లేదు. బాధల్లా బాడీతోనే. ఇల్లు విశాఖ పెద్ద వాల్తేరులో, కారుకు నీడ లేదు. డోర్ల కింది అంచుల్లో తుప్పు పట్టింది. డ్రైవర్ వైపు రన్నింగ్ బోర్డు (డోర్ల కింద ఉండే గడప రేకు) బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది. బానెట్ నిండా నారింజ రంగు చుక్కలు. పైకప్పు మీద చెయ్యి రాస్తే తెల్ల పొడి అంటుకుంటోంది.

ఆటోనగర్‌లో రెండు షెడ్లలో అడిగాను. మొదటి మేస్త్రి మొత్తం రేకు దాకా గీకాల్సిందే, 58 వేలు, నెల పడుతుంది అన్నాడు. రెండో ఆయన పైన రుద్ది, ప్రైమర్ కొట్టి, రంగు వేసి వారంలో ఇచ్చేస్తాను, 26 వేలు అన్నాడు. ఒకరిది దండగ పని అని ఇంకొకరు అంటున్నారు. అమ్మే ఉద్దేశం లేదు, ఇంకో ఐదారేళ్ళు నడుపుకుంటాను. సంక్రాంతికి ఊరెళ్ళేలోపు అయిపోతే బాగుంటుంది. ఏం చేయమంటారు?

భీమిలి_బీట్

గీకించెయ్ బ్రో. పాత పెయింట్ మీద కొత్తది నిలవదు.

సీతమ్మధార_జెన్

58 వేలా! ఆ డబ్బుకి ఇంకో 800 వస్తుంది అన్నా.

వాల్తేరు_800

వస్తుంది. దాని డోర్లూ ఇలాగే ఉంటాయి.

గాజువాక_గన్

వాల్తేరు గారూ, నేను ఆటోనగర్‌లోనే పెయింటర్‌ని. షెడ్డు పేరు చెప్పను, బేరం కోసం రాస్తున్నది కాదు. మీకు చెప్పిన రెండు పద్ధతుల్లో ఏదీ మీ బండికి పూర్తిగా సరిపోదు.

మీ కారు రేకును అన్నిటికన్నా గట్టిగా పట్టుకుని ఉన్నది కంపెనీలో వేసిన అడుగు ప్రైమర్. అక్కడ బాడీ మొత్తాన్ని ట్యాంకులో ముంచి, కరెంటు పంపి, ఓవెన్‌లో కాలుస్తారు. గన్ను దూరలేని మూలల్లోకి కూడా వెళ్ళి పట్టుకుంటుంది. అలాంటి కోటింగ్ ఊళ్ళో ఏ షెడ్డులోనూ మళ్ళీ వేయలేరు. అది బాగున్న చోట కూడా గ్రైండర్ పెట్టి లేపేయడం తుప్పును పిలిచి కూర్చోబెట్టడమే.

పైగా మన ఊళ్ళో గీకిన రేకును ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి సన్నటి గోధుమ రంగు పొర తేలుతుంది. సాయంత్రం కుర్రాడు గీకేసి ఇంటికెళ్తాడు, పొద్దున్నే వచ్చి దాని మీదే ప్రైమర్ కొట్టేస్తాడు. బయటికి ఏమీ కనపడదు. రెండో వానాకాలానికి బుడగలు వస్తాయి. మీ మొదటి మేస్త్రి నెల రోజులు అన్నాడు కదా, ఆ నెలలో రేకు ఎన్ని రాత్రులు ఒట్టిగా పడి ఉంటుందో అడగండి.

అలాగని 26 వేల పనిలో డోర్ల అంచులు, రన్నింగ్ బోర్డు ఏమవుతాయి? లప్పంతో నింపేస్తారు. ఆ ధరకు అంతకంటే కుదరదు కూడా, పాపం ఆయన తప్పు లేదు.

నన్నడిగితే తుప్పున్న చోట, ఉబ్బిన చోట, పాత లప్పం ఉన్న చోట మాత్రమే రేకు దాకా తెరవాలి. మిగతా చోట 320 నంబరు పేపర్‌తో పొడిగా రుద్ది, మెరుపు చంపి, దాని మీద ప్రైమర్ వేయాలి. తెరిచిన ముక్కకు సాయంత్రం షెడ్డు మూసేలోపు ఎపాక్సీ ప్రైమర్ పడిపోవాలి. ఒక్కరోజులో ప్రైమర్ వేయగలిగినంతే తెరవాలి, అంతకుమించి గ్రైండర్ ముట్టుకోకూడదు.

అంబాసిడర్_బాబాయ్

గాజువాక తమ్ముడితో సగం ఏకీభవిస్తాను. మిగతా సగానికి మా అంబాసిడర్ ఒప్పుకోదు. నాది 1986 బండి. కొన్నవాడల్లా ఒక రంగు వేయించాడు. డోరు అంచు దగ్గర పెళ్ళ ఊడితే లోపల పొరలు లెక్కపెట్టొచ్చు: తెలుపు, లేత నీలం, మళ్ళీ తెలుపు, గోధుమ రంగు. అడుగున ఉన్నది పాత డ్యూకో, అంటే థిన్నర్‌కు కరిగిపోయే నైట్రోసెల్యులోజ్ రంగు. దాని మీద ఇప్పటి పీయూ (హార్డెనర్ కలిపి కొట్టే పాలీయురెథేన్) రంగు కొడితే థిన్నర్ తగిలిన చోట అడుగు పొర మెత్తబడి ముడతలు పడిపోతుంది. అలాంటి బండిని రేకు దాకా విప్పక తప్పదు. ఏ పొర కదులుతుందో ఎవరు చెప్పగలరు?

గాజువాక_గన్

నిజమే బాబాయ్. పొరల మీద పొరలున్న బండి వేరు, కంపెనీ రంగే ఉన్న బండి వేరు. తేల్చుకోవడం సులభమే. దూదిని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ముంచి కనపడని చోట, డిక్కీ లోపలి అంచు మీద లాంటి చోట, కాసేపు అదిమి పెట్టాలి. రంగు కరిగి దూదికి అంటుకుంటే డ్యూకో, లేదా సరిగ్గా గట్టిపడని చవక రంగు. అది పూర్తిగా లేవాల్సిందే. ఏమీ కాకపోతే ఓవెన్‌లో కాల్చిన రంగో, హార్డెనర్ కలిపిన రంగో. దాన్ని నమ్మొచ్చు.

ఇంకోటి, అంబాసిడర్ రేకు మందం, గ్రైండర్‌ను తట్టుకుంటుంది. 800 రేకు మిల్లీమీటరు కూడా ఉండదు. గ్రైండర్ ఒకేచోట కాస్త ఆగితే వేడికి పైకప్పు అలలు తేలిపోతుంది, దాన్ని మళ్ళీ సాపు చేయడానికి లప్పం పూయాలి. రేకు బయటపెట్టి చేశాం అని గొప్పగా చెప్పిన బండి మీదే చివరికి ఎక్కువ లప్పం ఉంటుంది.

వాల్తేరు_800

దూది పరీక్ష చేశాను. బానెట్ లోపలి అంచు, డిక్కీ, రెండు చోట్లా ఏమీ కరగలేదు. ఒక్క ఎడమ ఫెండర్ దగ్గర తెల్లగా అంటుకుంది. ఎప్పుడో ఎక్కడో గుద్ది వేయించినట్టున్నారు.

గాజువాక_గన్

అయితే ఆ ఫెండర్ ఒక్కటీ రేకు దాకా. బోల్టులతో ఉండేదే కాబట్టి తుప్పు ఎక్కువుంటే కొత్త ఫెండర్ కొనేయండి. పాతదాన్ని సాగదీయడానికి పెట్టే లేబర్ కన్నా కొత్త రేకు చవక పడుతుంది. 800 ఫెండర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

కాన్వెంట్_జంక్షన్

బానెట్ మీద నారింజ చుక్కల గురించి ఎవరూ మాట్లాడలేదు. అవి లోపలి నుంచి వచ్చిన తుప్పు కాకపోవచ్చు. మేం పోర్టు పక్కన ఉంటాం, తెల్ల కారు ఉన్నవాళ్ళందరికీ ఇదే గోల. ఖనిజం ధూళిలోని, రైలు పట్టాల దగ్గర లేచే దుమ్ములోని సన్నటి ఇనుప రేణువులు వచ్చి రంగు మీద కూర్చుంటాయి. రాత్రి మంచుకు తడిసి అక్కడే తుప్పు పడతాయి. నల్ల కారు మీదా ఉంటాయి, కనపడవు అంతే.

గోరుతో రుద్దితే గరుకుగా, పైన పొడుచుకొచ్చినట్టు తగిలితే బయటి రేణువులు. చుక్క చుట్టూ రంగు ఉబ్బి ఉంటే లోపలి తుప్పు. మొదటి రకానికి సబ్బునీళ్ళతో తడుపుతూ క్లే బార్ (మురికిని లాగేసే మెత్తటి ముద్ద) రుద్దితే చాలావరకు వచ్చేస్తాయి. వాటిని తీయకుండా రంగు వేస్తే మాత్రం కొత్త రంగు కింద కూడా అవి తమ పని చేసుకుంటూనే ఉంటాయి.

వాల్తేరు_800

గరుకుగానే ఉన్నాయండి. ఇన్నాళ్ళూ బానెట్ పోయిందనుకుంటున్నాను.

కాన్వెంట్_జంక్షన్

పైకప్పుకు కూడా పెయింట్ ఖర్చు పెట్టేముందు ఒక మూల రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది చూడండి. గుడ్డకు తెల్లగా అంటుకుందంటే పైన క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) లేని సాలిడ్ రంగు అన్నమాట. ఎండకు పై పొర పొడిబారింది, కింద రంగు ఇంకా ఉంది. కాంపౌండ్‌తో బతుకుతుంది. మెటాలిక్ రంగుల మీద క్లియర్ పెచ్చులుగా లేచిందంటే మాత్రం ఏ పాలిషూ పనిచేయదు.

సీతమ్మధార_జెన్

నా సిల్వర్ జెన్ కథ అదే. పైకప్పు మీద క్లియర్ లేచిపోయి మ్యాపు గీసినట్టుంది. ఒక డోరు మార్చి వేయిస్తే డోరు ఒక సిల్వరు, బండి ఒక సిల్వరు. కలర్ కోడ్ ప్లేటు చూసి అదే కోడ్ కలిపించాను కూడా.

గాజువాక_గన్

సిల్వర్‌తో పెట్టుకున్న ప్రతి పెయింటరూ ఎప్పుడో ఒకప్పుడు ఏడ్చినవాడే. కోడ్ కరెక్టయినా మీ బండి ఇన్నేళ్ళ ఎండ తిన్నది, డబ్బాలోది తినలేదు. పైగా సిల్వర్‌లో అల్యూమినియం పొడి ఉంటుంది. అది ఎలా పడుకుందనే దాన్నిబట్టి షేడ్ మారుతుంది. తడిగా కొడితే పొడి అడుక్కి దిగి ముదురుగా కనపడుతుంది, గాలి ఎక్కువ పెట్టి పొడిగా కొడితే తెల్లగా మెరుస్తుంది. అదే డబ్బా, అదే గన్ను, ఇద్దరు పెయింటర్లు కొడితే రెండు షేడ్లు.

అందుకే ముందు ఒక అట్టముక్క మీద కొట్టి, క్లియర్ వేసి, ఆరాక ఎండలో బండి పక్కన పెట్టి చూడాలి. ట్యూబులైటు కింద అన్నీ కలిసినట్టే ఉంటాయి. డోరు ఒక్కటే మార్చినా బేస్ రంగును పక్క ఫెండర్ మీదికి సగం దాకా పల్చగా జారవిడిచి, క్లియర్ మాత్రం రెండు ప్యానెళ్ళకూ నిండా వేయాలి. అలా చేస్తే కన్ను పట్టుకోలేదు. డోరు ఒక్కదానికే డబ్బులిస్తాం అంటారు కస్టమర్లు, అక్కడే వస్తుంది తేడా. వాల్తేరు గారూ, మీది తెలుపు, అదృష్టవంతులు.

ఉప్పుగాలి

షిప్‌యార్డులో కోటింగ్ పని చూసి రిటైరయ్యాను. ఓడైనా కారైనా ఉప్పుకు ఒకటే. గాజువాక_గన్ చెప్పినదంతా సరైనదే, ఆయన వదిలేసినది నేను రాస్తాను: నీళ్ళు.

మన షెడ్లలో లప్పం రుద్దేటప్పుడు బకెట్ నీళ్ళు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దడం అలవాటు. దుమ్ము లేవదు, పేపర్ ఎక్కువసేపు వస్తుంది. కానీ పాలిస్టర్ లప్పం నీళ్ళు పీలుస్తుంది. పైన చేత్తో తడిమితే ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ ఉంటుంది. దాని మీద ప్రైమర్, రంగు, క్లియర్ వేసి సీలు చేసేస్తారు. మే నెల ఎండకు ఆ చెమ్మ ఆవిరై బయటికి తోసుకొస్తుంది.

అంతకన్నా చెడ్డది ఆ నీళ్ళలోని ఉప్పు. తీరం పక్క కాలనీల్లో చాలా బోర్లలో ఉప్పు నీరే. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు రేకు మీద మిగిలిపోతుంది. రంగు పొర ఏదీ నూటికి నూరుపాళ్ళు నీళ్ళను ఆపదు, అణువు అణువుగా తేమ దూరుతూనే ఉంటుంది. లోపల ఉప్పు ఉంటే ఆ తేమను అది తనవైపు లాక్కుని ఒకచోట పోగుచేస్తుంది. రంగు మీద సూది మొన అంత బుడగలు గుంపుగా వస్తాయే, వాటిలో ఒకటి గుచ్చి చూడండి, నీళ్ళు కారతాయి. రంగు డబ్బా ఎంత ఖరీదుదైనా దానికి ఏమీ చేయలేదు.

కాబట్టి లప్పం పొడిగా రుద్దాలి. ప్రైమర్ తర్వాత తడి రుద్దుడు తప్పదంటే మంచినీళ్ళు వాడి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. పని మొదలుపెట్టే ముందు కారును అడుగు భాగంతో సహా షాంపూ, మంచినీళ్ళతో బాగా కడిగించాలి. తర్వాత గ్రీజు తీసే ద్రావకంతో ఒక గుడ్డ తడిపి తుడవాలి, అది ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఇక్కడి నుంచి అక్కడికి మారుతుంది తప్ప పోదు.

ఇక గాలి. గాల్లో తేమ 85 శాతం దాటిన రోజు మేం ఓడ మీద రంగు ముట్టుకునేవాళ్ళం కాదు. రేకు వేడి, మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలని రూలు. కార్ల షెడ్డులో మీటర్లు ఎవరూ పెట్టరు, కానీ ఉదయం ఏడింటికి చల్లటి రేకు మీద కంటికి కనపడని చెమ్మ ఉంటుందని గుర్తుంటే చాలు. ఎండెక్కాక, పది దాటాక మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి ఊపందుకోకముందే క్లియర్ పూర్తిచేస్తే మంచిది.

గాజువాక_గన్

సార్ చెప్పిన నీళ్ళ మాట నిజం. మా దగ్గర పొడి రుద్దుడు మెషీన్ వచ్చాక మానేశాం. కంప్రెసర్‌లో నీళ్ళ సంగతి కూడా కలపండి సార్. తేమ గాలిని కుదిస్తే ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. రోజూ వదలాలి. వదలకపోతే గన్నులోంచి రంగుతోపాటు తుంపర వస్తుంది. ఈ ఊళ్ళో వానాకాలంలో డ్రెయిన్ తిప్పితే ఎన్ని నీళ్ళొస్తాయో చూస్తే కస్టమర్లు భయపడిపోతారు.

లెక్కల_మాస్టారు

ఇంతకీ ఇవన్నీ చేస్తే ఎంతవుతుంది? అందరూ శాస్త్రం చెబుతున్నారు, బిల్లు ఎవరూ చెప్పడం లేదు.

గాజువాక_గన్

చూడకుండా ధర చెప్పే పెయింటర్‌ని నమ్మకండి మాస్టారూ, నన్ను కూడా. అయినా ఎటు పోతుందో చెబుతాను. వాల్తేరు గారి బండిలో ఎక్కువ డబ్బు టింకరింగ్‌కు (రేకు పనికి), రుద్దుడు లేబర్‌కు పోతుంది. రంగు డబ్బా ఖర్చు అందరూ అనుకునేంత ఉండదు, తెలుపు సాలిడ్ కాబట్టి ఇంకా తక్కువ. బేరం ఆడినప్పుడు షెడ్డువాడు రంగు తగ్గించడు, రంగు కనపడుతుంది కదా. రుద్దుడు తగ్గిస్తాడు, ప్రైమర్ ఒక చుట్టు తగ్గిస్తాడు, అద్దాలు విప్పకుండా టేపు కొట్టేస్తాడు.

అద్దాల గురించి నొక్కి చెబుతున్నాను. 800 ముందద్దం రబ్బరు బీడింగ్‌లో కూర్చుంటుంది. ఆ రబ్బరు కింద కింది మూలల్లోనే తుప్పు మొదలవుతుంది, అక్కణ్ణుంచే నీళ్ళు కార్పెట్ కిందికి దిగి ఫ్లోరు తినేస్తాయి. రబ్బరుకు టేపు చుట్టి రంగు కొడితే ఆ తుప్పు అలాగే ఉంటుంది, రంగు అంచు కూడా రబ్బరు దగ్గర తొందరగా లేస్తుంది. అద్దం తీయించండి, కొత్త రబ్బరు వేయించండి. డోర్ హ్యాండిళ్ళు, లైట్లు, బీడింగులు, బంపర్లు అన్నీ విప్పాలి. విప్పిన బోల్టులు డబ్బాలో వేసి పేరు రాసి పెట్టే షెడ్డు దొరికితే వదలకండి.

లెక్కల_మాస్టారు

ఇన్సూరెన్స్‌లో ఏమైనా వస్తుందా?

మర్రిపాలెం_శాంత్రో

తుప్పుకు రాదు మాస్టారు గారూ. అది ప్రమాదం కాదు, అరుగుదల కింద లెక్క. యాక్సిడెంట్ క్లెయిమ్‌లో కూడా పెయింట్ మెటీరియల్‌కు 50 శాతం తరుగు తీసేస్తారు. బిల్లులో మెటీరియల్, లేబర్ విడిగా రాయకపోతే పెయింటింగ్ మొత్తంలో 25 శాతాన్ని మెటీరియల్‌గా తీసుకుని దాని మీద ఆ 50 శాతం కోస్తారు. తరుగు కోయని జీరో డెప్ పాలసీ ఉంటే వేరు, కానీ ఇంత పాత బండికి ఎవరూ ఇవ్వరు. చాలామందికి థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా వీధిలో చెట్టు కొమ్మ మా శాంత్రో పైకప్పు మీద పడింది. ఆ రోజుల్లో ఊళ్ళో ఏ షెడ్డు చూసినా బళ్ళు వరసగా ఉండేవి, కరెంటు లేదు. మా బండి తీసుకున్నవాళ్ళు సొట్ట పూర్తిగా లాగకుండా గుంటను లప్పంతో నింపి రంగు వేసి ఇచ్చేశారు. చూడ్డానికి అద్దంలా ఉంది. కొన్నేళ్ళకు అదే చోట గుండ్రంగా పగిలింది, పెళ్ళ ఊడితే వేలు మందం లప్పం. ఎవరినీ తిట్టుకోలేదు, ఆ నెల అలాంటిది. కానీ అప్పటి నుంచి పాత కారు చూడ్డానికి ఎవరు పిలిచినా ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం పట్టుకెళ్తాను. పల్చటి గుడ్డ చుట్టి ప్యానెల్ మీద జరిపితే లప్పం మందంగా ఉన్న చోట జారిపోతుంది.

కంచరపాలెం_కుర్రాడు

అక్కా సూపర్ ఐడియా. నేను పెయింట్ షెడ్డులో హెల్పర్‌గా చేరాను ఈ మధ్యే. లప్పంలో హార్డెనర్ ఎంత వేయాలి? మా మేస్త్రి చేత్తో పిండేస్తాడు, నేనడిగితే చూసి నేర్చుకో అంటాడు.

గాజువాక_గన్

100 గ్రాముల లప్పానికి 2 నుంచి 3 గ్రాములు తమ్ముడూ. ఎక్కువ వేస్తే తొందరగా గట్టిపడుతుంది కానీ మిగిలిపోయిన హార్డెనర్ తర్వాత పైకి ఊరి తెల్ల రంగు మీద పసుపు మచ్చ తేలుతుంది. తక్కువ వేస్తే లోపల మెత్తగా ఉండిపోతుంది. రంగు ఒకేలా అయ్యేదాకా కలుపు, చారలు కనపడకూడదు. గాలి బుడగలు పోయేలా పల్చగా లాగు. పూర్తయ్యాక లప్పం మందం 2, 3 మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకన్నా ఎక్కువ కావాలంటే సొట్ట ఇంకా లాగలేదని అర్థం. 80 నంబరుతో ఆకారం తెచ్చి, 180, తర్వాత 320. నంబర్లు దూకేస్తే 80 గీతలు ప్రైమర్ కుంగాక మళ్ళీ పైకి తేలతాయి.

మరి మాస్కు పెట్టుకుంటున్నావా?

కంచరపాలెం_కుర్రాడు

కర్చీఫ్ కట్టుకుంటాను అన్నా.

ఉప్పుగాలి

బాబూ, ఆగు. ఇది పెయింట్ కన్నా ముఖ్యం. 2కె ప్రైమర్ (హార్డెనర్ కలిపి వాడేది), పీయూ రంగు, క్లియర్, వీటి హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాసన తెలిసే స్థాయి కన్నా చాలా తక్కువలోనే అవి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఆస్తమా దాడి వస్తుంది, ఇక ఆ పని జన్మలో చేయలేవు. కర్చీఫ్ ఏమీ ఆపదు, గుడ్డ మాస్కూ ఆపదు. బయటి శుభ్రమైన గాలిని పైపులో పంపే మాస్కు సరైనది. అది లేని షెడ్డులో క్లియర్ కొట్టేటప్పుడు నువ్వు లోపల నిలబడకు. కొట్టడం ఆపిన వెంటనే కూడా లోపలికి వెళ్ళకు, పొగమంచు గాల్లోనే ఉంటుంది. మీ మేస్త్రి నవ్వితే నవ్వనీ.

గాజువాక_గన్

సార్ మాట విను. మా తరంలో దగ్గుతూ తిరిగేవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. కళ్ళద్దాలు, గ్లవ్స్ కూడా.

వాల్తేరు_800

అందరికీ ధన్యవాదాలు. మూడో షెడ్డుకు వెళ్ళి ఇక్కడ నేర్చుకున్నవన్నీ అడిగాను. మేస్త్రి ముందు నన్ను ఇన్సూరెన్స్ సర్వేయర్ అనుకున్నాడు. తుప్పు చోట కోసి కొత్త రేకు అతుకు, మిగతా చోట రుద్దుడు, ఎపాక్సీ, 2కె సర్ఫేసర్ (సన్న గీతలు నింపే ప్రైమర్), పీయూ తెలుపు, ముందద్దం విప్పడంతో కలిపి 41 వేలు చెప్పాడు. రన్నింగ్ బోర్డుకు గ్యాస్ వెల్డింగా, సీవోటూ వెల్డింగా అంటే మీ ఇష్టం అన్నాడు. ఏది చెప్పమంటారు?

అంబాసిడర్_బాబాయ్

800 రేకుకు గ్యాస్ వద్దు నాయనా. వేడికి చుట్టూ వంకర పోతుంది, వెనక వైపు ఉన్న ప్రైమర్ కూడా కాలిపోతుంది. సీవోటూతో చుక్కలు చుక్కలుగా వేసి, మధ్యలో చల్లారనిచ్చి కలపమను. అంబాసిడర్‌కైతే గ్యాస్ నేనే ఒప్పుకుంటాను, దాని సంగతి వేరు. 800కు ఛాసిస్ విడిగా ఉండదు, రన్నింగ్ బోర్డే బలం. లోపలి రేకు కూడా పోయిందేమో చూసి, రెండూ మార్చమను. బయటి రేకు ఒక్కటే అతికిస్తే నగిషీ పనే.

గాజువాక_గన్

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ టెర్మినల్ తీయించండి, మీది ఇంజెక్షన్ బండి, ఈసీఎం (ఇంజను కంప్యూటర్) ఉంది. సీట్లు, కార్పెట్ బయట పెట్టించండి. వెనక వైపు వెల్డింగ్ ఏమైనా ఉంటే పెట్రోలు ట్యాంకు దించాల్సిందే.

సంక్రాంతి ముందు మాత్రం ఇవ్వకండి. ఇప్పుడు అక్టోబరు, ఏ వారం ఏ తుఫాను వస్తుందో తెలీదు. డిసెంబరు సగం దాటితే ఊళ్ళకెళ్ళే బళ్ళన్నీ మా షెడ్ల ముందే ఉంటాయి, అందరికీ భోగిలోపే కావాలి. ఆరాల్సిన రోజులు అప్పుడే కోసేస్తారు. పండగ వెళ్ళాక ఫిబ్రవరిలో ఇవ్వండి, షెడ్డు ఖాళీగా ఉంటుంది, ఎండ తీవ్రత ఉండదు, వాన పడదు. ఊరికి ఈసారి ఇలాగే వెళ్ళిరండి.

వాల్తేరు_800

ఇంట్లో ఒప్పించాలి. ప్రయత్నిస్తాను. అప్పటిదాకా తుప్పు పెరగకుండా ఏమైనా చేయాలా?

ఉప్పుగాలి

వదులుగా ఉన్న పెచ్చులు వైరు బ్రష్‌తో తీసి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే రస్ట్ కన్వర్టర్ రాసి, ఆరాక కొంచెం ప్రైమర్ పూయండి. అందం చూడకండి. డోర్ల అడుగున నీళ్ళు పోయే సన్నటి కన్నాలుంటాయి, తీగ పెట్టి పొడవండి. మట్టి, ఆకులు నిండి నీళ్ళు లోపలే నిలవడం వల్లే డోర్లు అడుగు నుంచి పోతాయి. వేపచెట్లుంటే మరీను.

తర్వాత పెయింటింగ్‌లో కూడా ఆ కన్నాలు లప్పంతోనో, అండర్ బాడీ కోటింగ్‌తోనో పూడ్చేయకుండా చూసుకోండి. ఆ నల్ల కోటింగ్ తుప్పు మీద కొడితే తుప్పుకు దుప్పటి కప్పినట్టే, లోపల హాయిగా పెరుగుతుంది. శుభ్రం చేసి, ప్రైమర్ వేసిన రేకు మీదైతే పర్లేదు. పని అంతా అయ్యాక డోర్ల లోపల, రన్నింగ్ బోర్డుల లోపల క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పును ఆపే మైనం) పొడుగాటి గొట్టంతో కొట్టించండి. వెల్డింగ్‌తో కాలిన వెనక వైపును కాపాడేది అదే.

భీమిలి_బీట్

క్యావిటీ వ్యాక్స్ బదులు మా ఊళ్ళో పాత ఇంజనాయిల్ కొడతారు. చవక.

గాజువాక_గన్

కొడతారు. రబ్బర్లు ఉబ్బిపోతాయి, కింద రోడ్డంతా కారుతుంది, తర్వాత ఎప్పుడైనా ఆ డోరుకు రంగు వేయాలంటే ఆ నూనె ఊరి చేప కళ్ళలా గుంటలు పడతాయి. పెయింటర్ మీ పేరు చెప్పుకుని తిడతాడు.

జిప్సీ_ఎండాడ

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. వేలంలో జిప్సీ కొన్నాను, మిలిటరీ ఆకుపచ్చలో ఉంది. అదే రంగు మళ్ళీ వేయించుకోవచ్చా? లుక్కు మామూలుగా లేదు.

మర్రిపాలెం_శాంత్రో

కుదరదండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం చూడండి, ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బళ్ళకే. వేరే రంగు వేయించి, రంగు మారినట్టు ఆర్‌సీలో ఎక్కించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్ళకూ చెప్పండి. ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, తర్వాత షెడ్డుకు వెళ్ళండి, మళ్ళీ రెండోసారి పెయింట్ ఖర్చు కాకుండా.

జిప్సీ_ఎండాడ

ఇసుక రంగు?

మర్రిపాలెం_శాంత్రో

ఆ నియమంలో ఉన్నది ఆలివ్ గ్రీన్ ఒక్కటే. ఏ రంగైనా ఆర్‌సీలో రాయించుకోవాల్సిందే.

వాల్తేరు_800

ఫిబ్రవరికి ఖాయం చేసుకున్నాను, మేస్త్రికి 5 వేలు అడ్వాన్సు ఇచ్చాను. ఎపాక్సీ వేసిన రోజు ఒకసారి, లప్పం రుద్దాక ప్రైమర్ కొట్టేముందు ఒకసారి వచ్చి చూస్తానని చెప్పాను. మొహం మాడ్చుకున్నాడు కానీ సరే అన్నాడు. బండి తీసుకునేటప్పుడు ఇంకేం చూడాలి?

గాజువాక_గన్

పగలు తీసుకోండి, కడగకుండా, నీడలో కాకుండా ఎండలో. సాయంత్రం షెడ్డు లైటు కింద ఇస్తానంటే మర్నాడు వస్తానని చెప్పండి. ప్యానెల్‌ను పక్క నుంచి వాలుగా చూస్తే లప్పం అలలు, నారింజ తొక్క గరుకు కనపడతాయి. కొంచెం గరుకు 2000 నంబరు పేపర్, కాంపౌండ్‌తో పోతుంది, దానికి గొడవపడకండి. డోర్లు తెరిచి గడప అంచుల్లో రంగు పడిందా, రబ్బర్ల మీద తుంపర ఉందా చూడండి. అయస్కాంతం జరపండి. తలుపుల కింద కన్నాల్లో పుల్ల పెట్టండి. రంగు మిగిలితే చిన్న సీసాలో అడిగి తీసుకోండి, హార్డెనర్ కలపనిది.

ఒక నెల దాకా వ్యాక్స్ వేయకండి, లోపలి ద్రావకం బయటికి పోవాలి. మొదటి వారం వాటర్ వాష్ వద్దు. పక్షి రెట్ట పడితే మాత్రం అదే రోజు తడిగుడ్డతో తీసేయండి. కారుకు కవరు కప్పే అలవాటుంటే ఆ నెల మానేయండి. మీ ఏరియాలో ఆ తర్వాత కూడా వద్దనే అంటాను, ఉప్పు తేమ కవరు కింద రాత్రంతా ఆరదు, గాలికి కవరు రుద్దుకుని గీతలు పడతాయి. ఆ డబ్బులతో నాలుగు రేకులు వేసి చిన్న పందిరి కట్టించుకోండి.

సీతమ్మధార_జెన్

గాజువాక అన్నా, నా సిల్వర్ డోరుకు ఫిబ్రవరిలో మీ దగ్గర టైముందా? ప్రైవేట్ మెసేజ్ పెట్టాను.

గాజువాక_గన్

పక్క ఫెండర్‌కు కూడా డబ్బులిస్తానంటే ఉంది.